రెండో సాక్షి సంతకం

మా అత్త వీలునామా రాయిస్తూ సాక్షులుగా మా చర్చి ఉపదేశిని పిలిచింది, పక్కింటి టైలరును పిలిచింది. నన్ను పిలవలేదు. నేను బడిపంతుల్ని, గుడియాత్తంలో మా వీధి మొత్తానికి అర్జీలు రాసిపెట్టేవాణ్ణి, ఆమెకున్న ఒక్క అల్లుణ్ణి. ఆ సంగతి టైలరు భార్య చెబితే తెలిసింది.

అప్పటికే అత్త మీద నాకు కోపాలున్నాయి. పెళ్ళి విందులో నాకంటే ముందు ఆసుపత్రి గుమాస్తాకు విస్తరి వేసింది. మా నాన్న పోయినప్పుడు మూడో రోజుకు గానీ రాలేదు. ఇలాంటివి నేను మరిచిపోయేవాణ్ణి కాదు.

అత్త నా భార్యను కన్నతల్లి కాదు. వేలూరు ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే రోజుల్లో, కాన్పులో తల్లి పోయిన బిడ్డను ఇంటికి తెచ్చుకుని పెంచింది. భర్త లేడు, సొంత పిల్లలు లేరు. జీతంలో మిగిల్చి గుడియాత్తంలో రెండు గదుల పెంకుటిల్లు కట్టుకుంది. మేము క్రైస్తవులం. మాలో పెంచుకున్న బిడ్డకు చట్టప్రకారం ఆస్తి రాదు. వీలునామా లేకపోతే ఆ ఇల్లు నాట్రంపల్లిలో ఉన్న అత్త తమ్ముడికి పోతుంది. అందుకే ఆమె ఇల్లు నా భార్య పేర రాయిస్తోంది. ఇదంతా తెలిసే నేను, పత్రం రాస్తున్న పూటనే అత్త ఇంటికి వెళ్ళాను.

అది ఆంధ్ర రాష్ట్రం వేరుపడిన కొత్త. చిత్తూరు అటు పోయింది, మేము ఇటు మద్రాసు రాష్ట్రంలో మిగిలాం. అంతవరకు తెలుగులోనూ పత్రాలు రాసిన లేఖరి ఇప్పుడు అరవంలోనే రాస్తున్నాడు. అదీ నాకొక అవమానమే.

"రా నాయనా, కూసో," అంది అత్త.

"కూసోనీకి రాలేదు. నా సంతకం పనికిరాదా నీకు?"

"అట్ల కాదప్పా. ఇంటోళ్ళు సాక్షి పెట్టగూడదంట. మా ఆసుపత్రి పెద్ద నర్సమ్మ చెప్పింది."

"ఎందుకు పెట్టగూడదు?"

"అది నాకు తెలీదు. ఆయమ్మకు తెలుసు."

లేఖరి వైపు తిరిగాను. ఆయన కలం చెవి మీద దోపుకుని, "నేను రాసిన వీలునామాల్లో అల్లుండ్లు ఎంతోమంది పెట్టినారే. ఏమీ కాలేదు," అన్నాడు.

"విన్నావా అత్తా? గుడ్డలు కుట్టేటోడు సాక్షికి పనికొస్తాడు, నేను మాత్రం పనికిరాను."

టైలరు నా మొహం చూడకుండా లేచాడు. "మీరే పెట్టుకోండి సార్. నాకు గుండీలు కుట్టే పని ఉండాది," అని వెళ్ళిపోయాడు.

అత్త టైలరు లేచిన చోటు నాకు చూపించింది. "సరే, పెట్టు. నీ కోపం ఇంటికి పోయి బిడ్డ మీద పడేదానికన్నా ఇదే మేలు," అంది.

ఉపదేశి తర్వాత నేను పెట్టాను. తెలుగులో పెట్టి, కింద ఒక గీత కూడా గీశాను. ఆ కాగితం మొత్తంలో తెలుగు అక్షరాలు నావే. ఇంటికి వస్తూ దారి పొడుగునా గెలిచాననే అనుకున్నాను.

ఆ తర్వాత మేము అద్దె ఇల్లు వదిలి అత్త ఇంట్లోనే చేరాం. రెండేళ్ళకు అత్తకు పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. తాను ఊడ్చి తుడిచిన ఆసుపత్రిలోనే ఆమెను పడుకోబెట్టారు. పిలిస్తే కళ్ళు కూడా తిప్పేది కాదు. నా భార్య ఆమె మంచం దగ్గరే ఉండిపోయింది. ఇంటి విషయం ముందే తేల్చుకుందామని నేను వీలునామా తీసుకుని వేలూరులోనే ఒక వకీలు దగ్గరికి వెళ్ళాను.

ఆయన చదివి, "ఈ తెలుగు సంతకం ఎవరిది?" అని అడిగాడు.

"నాదే," అన్నాను. కొంచెం గర్వంగానే అన్నాను.

"ఇల్లు రాసింది ఎవరికి?"

"నా భార్యకు."

ఆయన కాగితాన్ని మడిచి నా ముందుకు జరిపాడు. క్రైస్తవుల వీలునామాలో సాక్షి సంతకం పెట్టినవాళ్ళకు గానీ, వాళ్ళ భార్యకో భర్తకో గానీ ఏమైనా రాసి ఉంటే అది చెల్లదన్నాడు. హిందువుల వీలునామాలకు ఆ అడ్డు లేదు. లేఖరి రాసినవన్నీ వాళ్ళవే.

"అయితే ఇంకొకటి రాయిస్తాను."

"ఆమె మనుషుల్ని గుర్తుపడుతుందా? ఏది ఎవరికిస్తున్నదీ ఆమెకు తెలుస్తుందా?"

"లేదు."

"మరి రాసేది ఎవరయ్యా, నువ్వా?" అన్నాడు.

మెట్లు దిగుతూ నాకు ముందు వచ్చింది పశ్చాత్తాపం కాదు, అత్త మీద కోపం. కారణం సరిగ్గా కనుక్కుని చెప్పి ఉండకూడదా అనుకున్నాను. ఆమెకు తెలివి ఉన్న రెండేళ్ళలో ఏ పూటైనా ఒక గంటలో దిద్దుకోగలిగిన తప్పు అది. ఈ మాట రాయడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. తర్వాత చేసినదానికి ఇంకా సిగ్గుగా ఉంది. దారిలో ఒక అంగట్లో కొత్త వీలునామాకు తెల్లకాగితం, వేలిముద్రల సిరా డబ్బా కొన్నాను.

మధ్యాహ్నం వార్డులోకి వెళ్ళి నా భార్యకు జరిగింది చెప్పాను. ఆమె తడిగుడ్డతో అత్త పెదాలు తడుపుతూ విన్నది. చెబుతూనే నేను డబ్బా మూత తీసి, అత్త ఎడమచేయి అందుకున్నాను. ఆ చేయి ఏ బిగువూ లేకుండా నా చేతిలోకి వచ్చింది.

"ఇడువు," అంది నా భార్య.

"నీ కోసరమే గదా. ఎవరికి తెలుస్తాది?"

"పక్క మంచం ఆయమ్మ చూస్తా ఉండాది." గుడ్డ మళ్ళీ తడుపుతూ, "నాకోసరం ఒగ సంతకం పెట్టినావు గదా. చాలు," అంది.

సిరా ఇంకా అంటలేదు. అయినా ఆమె తడిగుడ్డతో ఆ బొటనవేలు తుడిచింది.

ఆ నెలలోనే అత్త పోయింది. నాట్రంపల్లి తమ్ముడు మంచివాడే, కానీ వచ్చిన ఇల్లు వదులుకునేంత కలిగినవాడు కాదు. "ఇంకో రెండు నెలలు ఉండండి," అన్నాడు. ఒకరి దయ మీద ఉండేవాణ్ణి కానని చెప్పి, తాళంచెవి ఆయన చేతిలో పెట్టాను. నా భార్యను అడగనైనా అడగలేదు.

కే.వి.కుప్పంలో అద్దెకు ఒక గది దొరికింది. బయలుదేరే ముందు ఆమె రెండు గదులూ ఊడ్చింది. నీళ్ళతో కడిగింది కూడా. బస్సు కోసం రోడ్డు మీద నిలబడ్డాం. వీలునామా గురించి ఆమె నాతో మళ్ళీ మాట్లాడలేదు.

"నన్ను ఒక్క మాటన్నా అను," అన్నాను.

"అంటే సచ్చేదాకా గుర్తు పెట్టుకుంటావు," అంది. "బస్సు వస్తా ఉండాది. ఆ గిన్నెల మూట నువ్వెత్తుకో."

ఎత్తుకున్నాను.