చైతన్యపురి గోడ మీద లక్ష్మి

దేవత బొమ్మకు కళ్ళు అన్నిటికన్నా చివర పెట్టాలని, ఆ రోజు తలస్నానం చేసి ఉపవాసం ఉండాలని మా నాన్న నేర్పాడు. కళ్ళు పెట్టేదాకా అది బొమ్మే. పెట్టాక అమ్మవారు వచ్చినట్టే.

నిరుడు చైతన్యపురిలో ఒక హాస్టల్ ఓనరు పిలిచి, రోడ్డు వైపు గోడ మీద లక్ష్మీదేవిని గీయమన్నాడు. గోడ దగ్గరికి పోతే ఒకటే కంపు. దారిన పోయే మగవాళ్ళందరికీ అదే మూత్రశాల. దేవత ఉంటే ఎవడూ పొయ్యడని ఆయన నమ్మకం.

"పాదాలు జర కిందికి గియ్యి అక్కా. ఆడనే పోస్తున్నరు" అన్నాడు.

బురదలో పుట్టినా బురద అంటదనే కదా అమ్మవారిని తామరపువ్వు మీద నిలబెట్టేది. ఆ పువ్వును నేను ఉచ్చ మరకల మీద గీశాను. ఒప్పుకున్నందుకు నా మీద నాకే అసహ్యం వేసింది. కళ్ళు మాత్రం పెట్టలేదు.

"కండ్లు మర్చిపోయినవేంది?" అన్నాడు.

"మర్చిపోలే. ఈ కంపులకు ఆమెను పిలువను" అన్నాను.

ఆయన జేబులోంచి మార్కర్ తీసి, చెప్పులైనా విప్పకుండా, రెండు చుక్కలు పెట్టేశాడు. రెండూ కళ్ళ కుడి మూలలకు పోయాయి.

వారం తర్వాత అటుగా వెళ్ళాను. గోడ పొడిగా ఉంది. దానికి కుడివైపు పది అడుగుల దూరంలో, ట్రాన్స్‌ఫార్మర్ పక్కన, ఇద్దరు నిలబడి పోస్తున్నారు. అమ్మవారు వాళ్ళనే చూస్తోంది.