మావయ్య తుపాకీ జమ చేసిన రోజు

ఎన్నికలు ప్రకటించగానే లైసెన్సు తుపాకీ ఉన్నవాళ్లు దాన్ని పోలీసు థానాలో అప్పగించాలి. మా మావయ్యకి అది అలవాటైన పనే. ప్రతి ఎన్నికలకీ ఇచ్చి వచ్చేవాడు, లెక్కింపు అయ్యాక వెళ్లి తెచ్చుకునేవాడు. ఈసారి సైకిల్ రిపేరులో ఉందని నన్ను బండి మీద దింపమన్నాడు.

మావయ్య అంటే మా అమ్మ తమ్ముడు. మా తాతయ్య శ్రీకాకుళం నుంచి బెంగాలీవాళ్ల ఈ ఊరికి వచ్చి రైల్వే వర్క్‌షాప్‌లో చేరాడు. ఆ తరవాత మా ఇంట్లో మగవాళ్లంతా అదే గేటులోంచి లోపలికి వెళ్లినవాళ్లే. మావయ్య ఒక్కడే మిలిటరీకి వెళ్లాడు. హవల్దారుగా రిటైరై వచ్చాక డబుల్ బ్యారెల్ తుపాకీ ఒకటి కొనుక్కుని గోల్‌బజార్‌లో ఒక బంగారం కొట్టు ముందు కాపలాకి కుదిరాడు. తుపాకీ ఉంటేనే ఆ ఉద్యోగం. స్టూలు మీద నిటారుగా కూర్చుని, కొట్టులోకి వెళ్లే ఆడవాళ్ల చంకల్లోని పిల్లలని నవ్విస్తూ ఉండేవాడు. ఆ తుపాకీని చూసి భయపడినవాళ్లని నేనెప్పుడూ చూడలేదు. మా ఇంటికి వచ్చినప్పుడు తలుపు మూలన గొడుగు పెట్టినట్టు పెట్టేవాడు.

ఆ రోజు ఉదయం న్యూ సెటిల్‌మెంట్‌లో మా రైల్వే క్వార్టర్ ముందు స్కూటీ స్టార్ట్ చేశాను. మావయ్య తెల్ల చొక్కా తొడుక్కుని తల దువ్వుకుని వచ్చాడు. తుపాకీ మందపాటి గుడ్డ సంచిలో ఉంది. తూటాలు వేరే చేతిసంచిలో పెట్టి, దాన్ని ముందు కొక్కేనికి తగిలించాడు. లైసెన్సు పుస్తకం చొక్కా జేబులో ఉంది.

"నిదానంగా పోనీ అమ్మీ, తొందరేటీ లేదు," అన్నాడు వెనక కూర్చుంటూ.

అప్పటికే ఊళ్లోకి కేంద్ర బలగాలు దిగాయి. రోడ్ల మీద కవాతు చేస్తూ పోతుంటే మేం కొట్లలోంచి చూసేవాళ్లం. ఎండకి కమిలిన ముఖాలు, అన్నీ పాతికేళ్ల లోపువే. రెండు రోజుల కిందట పక్క ఊళ్లో ఏదో పార్టీ గొడవలో కాల్పులు జరిగాయని అందరూ అనుకుంటున్నారు. మాకు దానితో ఏం సంబంధం అనుకున్నాను.

గోల్‌బజార్ దగ్గరపడేసరికి రోడ్డుకి అడ్డంగా ఇనప బారికేడ్లు పెట్టి బళ్లు తనిఖీ చేస్తున్నారు. ముందున్న ఆటోని వదిలేశారు. నేను బండి నెమ్మది చేశాను. ఒక కుర్ర జవాను దగ్గరికి వచ్చి నా డిక్కీ తెరవమనబోయి, నా భుజం పక్కనుంచి పైకి పొడుచుకొచ్చిన సంచిని చూశాడు.

"ఇదేంటి?" అని హిందీలో అడిగాడు.

మావయ్య కూడా హిందీలోనే, రోజూ చెప్పే మాటలాగే, "బందూక్ హై. లైసెన్స్ హై," అన్నాడు. అంటూనే జేబులోంచి పుస్తకం తీయడానికి చెయ్యి ఛాతీ మీదకి తీసుకెళ్లాడు.

జవాను రెండో మాట విన్నాడో లేదో నాకు ఇప్పటికీ తెలీదు. ఒక్క గెంతులో వెనక్కి వెళ్లి రైఫిల్ ఎత్తాడు. "హాథ్ ఊపర్" అని అరిచాడు. ఆ అరుపుకి బారికేడ్ దగ్గరున్న మరో ఇద్దరు కూడా తుపాకులు మా వైపు తిప్పారు. నేను ముందు కూర్చున్నాను కాబట్టి ఆ మూడూ ముందు నావైపే ఉన్నాయి.

రైఫిల్ గొట్టం చివర ఎంత చిన్నగా ఉంటుందో అప్పుడే చూశాను. చిటికెనవేలు కూడా పట్టదు. అంత చిన్నదాని వెనక నుంచి వాడి కన్ను ఒకటి నన్ను చూస్తోంది.

మావయ్య చేతులు పైకెత్తినట్టున్నాడు, వీపుకి తెలిసింది. వెనకనుంచి మెల్లగా తెలుగులో అన్నాడు. "అమ్మీ, కదలకు. హ్యాండిల్ మీంచి సేతులు తియ్యకు. నాను దిగుతాను."

"ఏం చెప్పావు ఆ అమ్మాయికి? ఏ భాష అది?" జవాను గొంతు ఇంకా పైకి లేచింది. "ఏం చెప్పావు?"

నాకు ప్రేమ్ బజార్‌లో జిరాక్స్ కొట్టుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాలేజీ పిల్లలతో హిందీలో వాదిస్తాను, సరుకు తెచ్చేవాళ్లతో బెంగాలీలో బేరమాడతాను. కదలొద్దని చెప్పాడు, అంతే, అని ఆ జవానుకి చెప్పాలి. నోరు తెరిచాను. ఒక్క హిందీ ముక్క రాలేదు. "మా మావయ్య, మా మావయ్య" అని తెలుగులోనే అంటున్నాను. అది విని వాడు ఇంకో అడుగు వెనక్కి వేసి రైఫిల్ ఇంకా గట్టిగా భుజానికి నొక్కుకున్నాడు.

మావయ్య ఒక్కొక్క హిందీ మాటనీ విడదీసి, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాడు. తుపాకీ నా భుజానికి ఉంది. అందులో తూటాలు లేవు. నేను దిగుతున్నాను. మీరు చెప్పిందే చేస్తాను.

అతను దిగగానే బండి బరువు మారింది. కాళ్లు ఆనించి ఆపలేకపోయాను. స్కూటీ పక్కకి ఒరిగి రోడ్డు మీద పెద్ద చప్పుడుతో పడింది, దానితో పాటు నేనూ పడ్డాను. ఆ చప్పుడుకి ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. ఎవరో బెంగాలీలో కేక వేశారు. కళ్లు మూసుకున్నాను. పేలింది అనే అనుకున్నాను. మావయ్య చనిపోయాడు అనుకున్నాను. అమ్మకి ఏం చెప్పాలి అని కూడా అనుకున్నాను. అంతా ఒక్క క్షణంలోనే.

కళ్లు తెరిస్తే మావయ్య రోడ్డు మధ్యలో మోకాళ్ల మీద ఉన్నాడు. చేతులు తల వెనక కట్టుకుని ఉన్నాడు. ఒక జవాను అతని భుజం మీది సంచిని లాగుతున్నాడు, పట్టీ చెవికి తట్టుకుంటే ఇంకా గట్టిగా లాగాడు. రోజూ అతనికి నమస్తే చెప్పే కొట్లవాళ్లు మెట్ల మీద నిలబడి చూస్తున్నారు. కొందరి చేతుల్లో ఫోన్లు పైకి లేచి ఉన్నాయి. చేపలమ్మే ఒక దీదీ మాత్రం గంప దగ్గర నుంచే, "ఉని దారొయాన్, షోనార్ దోకానేర్ దారొయాన్" అని పదేపదే అరుస్తోంది. బంగారం కొట్టు కాపలాదారు అని. ఆ జవాన్లకి బెంగాలీ రాదు.

ఆ మాట విని నీడలో కుర్చీ వేసుకున్న థానా ఇన్‌స్పెక్టర్ లేచి వచ్చాడు. మావయ్యని చూసి గుర్తుపట్టాడు. "అరే, ఇతను మనవాడే, తుపాకీ జమ చెయ్యడానికి మా దగ్గరికే వస్తున్నాడు," అని హిందీలో చెప్పి, మావయ్య జేబులోంచి తనే పుస్తకం తీసి చూశాడు. తుపాకీని మధ్యలో మడిచి తెరిచి చూశారు. రెండు గొట్టాలూ ఖాళీ. రైఫిళ్లు కిందికి దిగాయి.

"ఠీక్ హై దాదా, లేవండి. ఎలక్షన్ టైము, తెలుసు కదా," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

మావయ్య లేవలేకపోయాడు. నేను వెళ్లి చంక కింద చెయ్యి వేసి లేపాను. ప్యాంటు మోకాళ్ల దగ్గర నల్లగా తారు మరకలు. నా స్కూటీని ఎత్తి నిలబెట్టింది ఆ కుర్ర జవానే. వాడి పెదవులు తెల్లగా ఉన్నాయి. మా వైపు చూడకుండా అద్దం సరిచేసి వెళ్లిపోయాడు.

ఆ తరవాత మేం ఏం చేశామో తలుచుకుంటే నాకు ఇప్పటికీ వింతగానే ఉంటుంది. బండెక్కి థానాకే వెళ్లాం. బెంచీ మీద మా వంతు కోసం కూర్చున్నాం. తుపాకీ, తూటాల సంచీ అప్పగించి రసీదు తీసుకున్నాం. అక్కడి మనిషి ఫ్యాను వేసి మంచినీళ్లు కూడా ఇచ్చాడు. అంతా మర్యాదగానే జరిగింది.

బయట టీ కొట్టు దగ్గర ఆగాం. మావయ్య మట్టి కప్పు అందుకున్నాడు, తాగలేదు. కప్పు బల్ల మీద పెట్టేసి చేతులు రెండూ తొడల కింద దాచుకున్నాడు.

"నువ్వు పడిపోయినప్పుడు ఆ కుర్రోడి వేలు ట్రిగ్గరు మీదకెళ్లిపోనాది, నాను సూసినాను," అన్నాడు. "వాడు కాల్చీసినా తప్పు నాదే అయిపోయీది. జేబులో సెయ్యెట్టినాడు అనీద్దురు."

"నీ తప్పేటి మావయ్యా?"

దానికి మావయ్య అన్నాడు. "ఇన్నేళ్లూ తుపాకీ పట్టుకుని కూకున్నాను. ఎప్పుడైనా ఎవుడి మీదైనా పేల్చాల్సొస్తాదేమోనని భయపడేవోణ్ణి. నా మీద పేలుస్తారని ఎప్పుడూ అనుకోలేదమ్మీ."

ఇంట్లో అమ్మకి చెప్పకూడదు అనుకున్నాం. మేం వచ్చేలోపే వీడియో వచ్చేసింది. అమ్మ తమ్ముడి మోకాళ్లు చూసి వేడినీళ్లు పెట్టింది. కాసేపటికి, "ఆ కాపలా మానీరా," అంది. "మానీసి ఏటి సేస్తానప్పా," అన్నాడు మావయ్య.

లెక్కింపు అయిపోయింది. బలగాలు రైలెక్కి వెళ్లిపోయాయి. బంగారం కొట్టు సేటు రెండుసార్లు కబురు పంపాడు. మావయ్య తుపాకీ తెచ్చుకోవడానికి వెళ్లలేదు. ఇవాళ ఎండగా ఉందనేవాడు, రేపు చూద్దామనేవాడు. సేటు ఆగీ ఆగీ తుపాకీ ఉన్న ఇంకొకతన్ని పెట్టుకున్నాడు. నాకు మాత్రం చాలా రోజుల దాకా కొట్లో ఎవరైనా జేబులో చెయ్యి పెడితే గుండె ఝల్లుమనేది. డబ్బులు తీస్తున్నారని తెలుసు. అయినా ఝల్లుమనేది.

వర్షాలు మొదలయ్యాక ఒకరోజు మావయ్య తనే నా కొట్టుకి వచ్చి, థానాకి వెళ్దాం రమ్మన్నాడు. తెచ్చుకుంటాడనుకున్నాను. అక్కడికి వెళ్లాక, లైసెన్సు వదులుకుంటున్నానని, తుపాకీ ఇక వద్దని చెప్పాడు. ఆ రోజు మమ్మల్ని విడిపించిన ఇన్‌స్పెక్టరే ఉన్నాడు. ఎందుకు దాదా, మంచి తుపాకీ కదా, అన్నాడు.

"వయసైపోయింది," అని బెంగాలీలో చెప్పాడు మావయ్య. ఇన్‌స్పెక్టర్ ఒక ఫారం తీసి ముందు పెట్టాడు.

ఇప్పుడు నా కొట్లోనే కూర్చుంటున్నాడు. మొదట్లో మెషీన్ కాగితం మింగేస్తే కంగారుపడేవాడు, ఇప్పుడు తలుపు తెరిచి తనే లాగేస్తాడు. కాలేజీ పిల్లలు తాతయ్యా అన్నట్టు దాదూ అని పిలుస్తారు. వీధి చివర పోలీసు జీపు ఆగితే మాత్రం చేస్తున్న పని ఆపి, రెండు చేతులూ బల్ల మీద కనబడేలా పెట్టుకుని కూర్చుంటాడు. అది కదిలి వెళ్లిపోయేదాకా నేనూ మాట్లాడను.