గల్లీకి ఒక్కటే నంబరు

నాకు ఫారాలంటే చిన్నప్పటి నుంచీ పిచ్చి. నవ్వేవాళ్లు నవ్వనీ. బ్యాంకుకు పోయినా, పోస్టాఫీసుకు పోయినా అక్కడ పడి ఉన్న ఖాళీ ఫారం ఒకటి చేతిలోకి తీసుకుని, తండ్రి పేరుకు ఇంత చోటిచ్చి చిరునామాకు ఇంతేనా అని ఆలోచిస్తూ నిలబడేదాన్ని. నిజామాబాదులో టైపు పాఠాలు చెప్పేటప్పుడు పిల్లల చేత ఎక్కువగా కొట్టించినవి ఫారాలే. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక అదే గదిలో, అవే కుర్చీల్లో కూర్చుని వెబ్‌సైట్లు చేయడం నేర్చుకున్నాను. నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఇది నొక్కితే ఏమవుతుందో చూద్దామనే దురద ఒక్కటే ఉండేది.

ఆ సంగతి తెలిసే ఒక డాక్టరమ్మ నన్ను పిలిపించారు. సర్కారు దవాఖానలో చేసి రిటైరైన ఆమె ఊళ్లో చిన్న శిక్షణ కేంద్రం నడిపేవారు. ఆడపిల్లలకు ఏడాదిపాటు నర్సు పని నేర్పి, ప్రైవేటు దవాఖానల్లో పెట్టించేవారు. ఏటా ఇరవై సీట్లు. ఇరవై ఐదేళ్లు దాటినవాళ్లను తీసుకోరు.

"కోటగిరి నుంచి, మోస్రా నుంచి పిల్లలు ఫారం తీస్కపోనికి ఒకపారి, ఇచ్చిపోనికి ఒకపారి బస్సెక్కి వస్తున్నరు. ఇంటర్నెట్‌లనే నింపేటట్టు చెయ్యొస్తదా?" అని అడిగారు.

"చేస్తనమ్మా," అన్నాను. ఎట్లా చేయాలో అప్పటికి నాకు తెలియదు.

వారం రోజులు వెతికితే ఫారాలు తయారుచేసి ఇచ్చే వెబ్‌సైటు ఒకటి దొరికింది. అందులో ఎడమవైపు రకరకాల గడులు వరుసగా ఉంటాయి. పేరుకు ఒకటి, తేదీకి ఒకటి, ఫోను నంబరుకు ఒకటి. కావలసిన గడిని మౌసుతో పట్టి కుడివైపుకు లాగి వదిలితే అక్కడ కూర్చుంటుంది. అంతా అయ్యాక నాలుగు లైన్ల కోడు ఇస్తుంది. దాన్ని మన వెబ్‌సైటులో అతికిస్తే చాలు, ఎక్కడ కూర్చుని ఎవరు నింపినా జవాబులు మన పట్టికలో వచ్చి పడతాయి. మొదటిసారి చూసినప్పుడు నోరు వెళ్లబెట్టాను. ఇన్నేళ్లు మిషను మీద చుక్కల గీతలు కొట్టి కొట్టి వేళ్లు అరిగినదాన్ని మరి.

ఫారం తయారయ్యాక దాన్ని ఎట్లా బోల్తా కొట్టించాలా అని నాలుగు రోజులు ఆడుకున్నాను. ఫోను గడిలో అక్షరాలు కొడితే గడి ఎర్రబడి, అంకెలే రాయాలని చెప్పింది. భేష్ అనుకున్నాను. పుట్టిన తేదీలో ఇంకా రాని సంవత్సరం వేస్తే మాత్రం మారుమాట లేకుండా పుచ్చుకుంది. ఇంకా పుట్టని మనిషికి నర్సు సీటా అని ఒళ్లు మండి, ఆ గడిని మళ్లీ మొదటి నుంచి చేశాను. చివర ఒక టిక్కు గడి పెట్టి, పక్కన "పైన రాసినవన్నీ నిజమే. తప్పుడు సమాచారమిస్తే చట్టపరమైన చర్యకు బాధ్యురాలిని" అని సర్కారు ఫారంలో ఉన్న వాక్యాన్ని ఎత్తి రాశాను. ఎవరూ అడగలేదు. ఆ మాట ఉంటే ఫారానికి ఒక బరువు వస్తుందని నాకే అనిపించింది.

మొదటి వారంలో ఒక చిక్కు వచ్చింది. ఇంటర్నెట్ సెంటర్లలో నెట్టు మెల్లగా నడిచేది. ఒకసారి నొక్కితే కదలడం లేదని పిల్లలు నాలుగుసార్లు నొక్కేవారు. పట్టికలో ఒకే పిల్ల నాలుగుసార్లు వచ్చేది. "ఒక్కతే నలుగురైందేంది?" అని డాక్టరమ్మ విసుక్కున్నారు. దానికీ మందు దొరికింది. ఏ గడికైనా, ఒకసారి వచ్చిన జవాబును మళ్లీ ఒప్పుకోవద్దని టిక్కు పెట్టుకోవచ్చు. ఏ గడికి పెట్టాలా అని ఆలోచించాను. పేర్లు ఇద్దరికి ఒకటే ఉండవచ్చు. ఫోను నంబరు మాత్రం ఎవరిది వాళ్లకే ఉంటుందని దానికే పెట్టాను. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ రోజు రెండు చాయలు తాగాను.

తర్వాత రోజూ పొద్దున్నే పట్టిక తెరిచి ఒక్కో జవాబూ చదవడం నా పని. ఎందుకు చేరాలనుకుంటున్నారు అని అడిగిన గడి నాకు అన్నిటికన్నా ఇష్టం. చాలామంది సేవ చేయాలని ఉంది అని ఒకరిని చూసి ఒకరు రాసినట్టే రాశారు. బోధన్ నుంచి ఒకామె మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లో మన మాటలు రాసింది. పైకి చదువుకుంటే గానీ అర్థం కాలేదు. "మా అవ్వకు షుగర్ ఉన్నది. దినాం సూది నేనే ఇస్త. నా చెయ్యి వణకదు." అంతే ఉంది. పుట్టిన తేదీ చూస్తే ఇంకో రెండు నెలల్లో ఇరవై ఐదు దాటుతుంది. ఆమెకు వచ్చే ఏడు అనేది లేదు.

డాక్టరమ్మ ఆ జవాబు దగ్గర ఆగి, "ఈ పిల్లను వదలొద్దు. మిగిలినవి నేర్పుత గని చెయ్యి వణకకపోవుడు నేర్పితే రాదు," అన్నారు.

ఎంపికైన ఇరవై మందికీ ఫోన్లు చేశాం. పంతొమ్మిది మంది దొరికారు. ఈ బోధన్ పిల్ల నంబరుకు చేస్తే ఎవరో పెద్దమనిషి, "ఇది ఉల్లిగడ్డల దుకాణం. గా పేరు గల్ల పిల్ల మా తాన లేదు," అని పెట్టేశాడు. మూడు రోజులు చేశాం, అదే మాట. సోమవారం లోపల వచ్చి చేరకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. "నంబరే తప్పు రాసిందంటే ఏం శ్రద్ధున్నట్టు?" అని డాక్టరమ్మ కూడా చల్లబడ్డారు. నాకు మాత్రం మనసొప్పలేదు. అంత కుదురుగా రాసిన మనిషి నంబరు తప్పు రాస్తుందా అని పట్టికంతా మళ్లీ చదివాను. అదే గల్లీ నుంచి ఇంకొక పిల్ల రాసి ఉంది. రెండు నంబర్లలో చివరి అంకె ఒక్కటే తేడా.

ఆ నంబరుకు చేస్తే కిరాణా దుకాణం సేటు ఎత్తాడు. "గీ నంబరు గల్లీ మొత్తానికి ఒక్కటేనమ్మా. ఎవలకొచ్చినా నేనే పిలుస్త," అన్నాడు. మేం వెతుకుతున్న పిల్ల పేరు చెప్పగానే గొంతు మారింది. "గామె ఎవలో మాకు ఎర్క లేదు," అని పెట్టేశాడు.

ఫోను పక్కన కూర్చుని నెత్తి కొట్టుకున్నాను. మా ఇంటికి ఫోను రాకముందు మా బాపు ఎక్కడ నంబరు రాసినా చివర పీపీ అని రాసేవాడు. ఫోను పక్కింటివాళ్లది, వాళ్లు మమ్మల్ని పిలిచి ఇస్తారని దాని అర్థం. మా వీధిలో పది ఇళ్లకు అదే నంబరు. ఆ పీపీ అక్షరాలను నా గడి ఎర్రబడి తోసేస్తుంది. ఆ నంబరు రెండోసారి వస్తే దాన్నీ తోసేస్తుంది. పీపీ నంబరు మీద పెరిగిన నేనే ఈ పని చేశాను.

శనివారం పొద్దున బోధన్ బస్సెక్కాను. దారంతా చెరుకు బండ్లు అడ్డం, నాకేమో ఆగే ఓపిక లేదు. దుకాణం దొరకడం కష్టం కాలేదు. ఫోను చెక్క డబ్బాలో తాళం వేసి ఉంది. ఫారం గురించి వచ్చానని చెప్పగానే సేటు బెల్లం తూచడంలో మునిగిపోయాడు. ఎదురింటి అరుగు మీద బీడీలు చుడుతున్న పెద్దామె చేతులు ఆగిపోయాయి.

"మీరు కోర్టు కచేరి నుంచి వచ్చిండ్రా?" అని ఆమె మెల్లగా అడిగింది. "నా బిడ్డ తెల్వక రాసిందమ్మా. అసలు నంబరే కొట్టింది. ఇంతకుముందే ఎవలో రాసిండ్రని డబ్బ ఎర్రగైందట. ఒక అంకె మార్చి కొట్టమని కంప్యూటరాయననే చెప్పిండు. టిక్కు పెట్టినంక చదువుకున్నదట, చర్య తీస్కుంటమని. కేసు పెట్టకుండ్రి."

గల్లీకి గల్లీ ఒక్కమాట మీద నిలబడి ఆ పిల్లను దాస్తున్నది నా నుంచే. నా ఫారం నుంచే. తప్పయిందన్న మాట నా నోట అంత తేలిగ్గా రాదు, మా ఇంట్లో ఎవరిని అడిగినా చెప్తారు. గడప ముందు నిలబడి, లోపలికి వినబడేటట్టు చెప్పాను.

"తప్పు నాది. గా ఫారం తయారుజేసింది నేనే. ఒక నంబరు ఇద్దరికి ఉండొద్దని పెట్టింది నేనే. కింద చర్య గిర్య అని రాసింది కూడ నేనే. గొప్పగుంటదని రాసిన. గంతే. నన్ను మాఫ్ చెయ్యాలె."

ఎదురింటివాళ్లు, పక్కింటివాళ్లు గడపల్లోకి వచ్చి వింటున్నారు. లోపలి నుంచి ఆ పెద్దామె బిడ్డ బయటికి వచ్చింది. వేళ్లకు తంబాకు పొడి అంటుకుని ఉంది. నా ముఖంలోకి నేరుగా చూసింది.

"అయితే నా మీద కేసు లేదా అక్కా?"

"లేదు."

"నేను అబద్ధం రాసినట్టు కాదా?"

"నువ్వు రాయలే. నేనే రాయించిన."

ఆమె అక్కడే గడప మీద కూర్చుని చున్నీ ముఖానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. "ఇరవై దినాల సంది నిద్ర పోతలేదు," అంటూ తల్లి ఆమె వీపు నిమిరింది. సేటు దుకాణం దిగి వచ్చి చెంబుతో నీళ్లు ఇచ్చాడు. ఆ నీళ్లు తాగి, కళ్లు తుడుచుకుని, "గీ మాట చెప్పనీకి గంత దూరం నుంచి వచ్చినవా అక్కా?" అంటూ ఆమె నా చేయి పట్టుకుంది. ఆ చేయి నిజంగానే వణకడం లేదు.

అప్పుడు గుర్తొచ్చింది, సీటు వచ్చిన సంగతి ఆమెకు నేనింకా చెప్పనేలేదని.