నాది కాదన్న బెడ్డింగు

యూనివర్సిటీకి వెళ్తే ఎక్కడ దిగాలి, ఎలా వెళ్లాలి అని మా సిరవార వాళ్లు ఇప్పటికీ నన్ను అడుగుతుంటారు. నేను మొదటిసారి వెళ్లిన వైనం చెప్తే వాళ్లు చదువే మానేస్తారని ఇన్నాళ్లూ నోరు విప్పలేదు. ఈ రోజు చెప్పేస్తున్నాను. గుండె నిబ్బరం లేనివాళ్లు పేజీ తిప్పేయండి.

అప్పటికి మేము కృష్ణా జిల్లా నుంచి వచ్చి సిరవారలో తుంగభద్ర కాలవ కింద వరి వేయబట్టి కొన్నేళ్లయింది. నేను బి.ఎ. పాసై, ఎం.ఎ. సీటుకు ఇంటర్వ్యూ కార్డు తెప్పించుకున్నాను. ఏ యూనివర్సిటీయో ఎందుకు లెండి, జిల్లా దాటి పగలంతా బస్సులో కూర్చుంటే వస్తుంది. సీటు రాకపోతే నాన్న నన్ను మళ్లో దించడానికి సిద్ధంగా ఉన్నాడు. నాకేమో జలగలంటే ప్రాణభయం. మీరు నవ్వొచ్చు. జలగ నవ్వదు.

బస దగ్గరే చిక్కొచ్చింది. నేను లాడ్జీ అన్నాను. నాన్న మజ్జిగ గ్లాసు కింద పెట్టాడు.

"చుట్టాలుండగా లాడ్జీలో దిగితే రేపు మనూరెళ్లి తలెత్తుకోగలమా? సుబ్బారావు బాబాయి ఇంట్లో దిగు. వట్టి చేతుల్తో మాత్రం వెళ్లమాకు. ఆ ఊళ్లో పాపం మూడు పూటలా జొన్నరొట్టేనంట."

అలా ఇరవై కిలోల కొత్త బియ్యం నా నెత్తిన పడింది. అవి లెవీ రోజులు. పర్మిట్ లేకుండా బియ్యం జిల్లా దాటిస్తే జైలని ఊరంతా చెప్పుకునేవారు. నేను పద్ధతి గల మనిషిని కదా, ఆలోచించాను. బియ్యాన్ని రెండు సంచులు చేసి బెడ్డింగులో చుట్టాను. నా సర్టిఫికెట్లన్నీ మైనపు గుడ్డలో పెట్టి ఆ రెండు సంచుల మధ్య దూర్చాను. వాన తగలదు, మడత పడదు, దొంగకు దొరకదు. నా తెలివికి నేనే మురిసిపోయి, మర్నాటి డైరీ ముందే రాసేసుకున్నాను. ప్రయాణాలప్పుడు అది నా అలవాటు. జరగబోయేది రాసుకుని, జరిగాక టిక్కు పెట్టేవాణ్ణి. "రాత్రి ఎనిమిది: బాబాయి ఇంట గోంగూర పచ్చడితో భోజనం" అన్న వాక్యం ఇప్పటికీ ఆ పేజీలో టిక్కు లేకుండా అనాథలా పడి ఉంది.

సిరవారలో కండక్టరు టీ తాగే సమయం చూసి బెడ్డింగు బస్సు పైకి ఎక్కించాను. తర్వాత ఏమీ ఎరగనట్టు, దారిలో చెకింగు ఉందా అని అడిగాను.

"లింగసుగూరు దగ్గర తంబు ఏసిండ్రు సార్. ఒక్కొక్కన్ని దించి చూస్తున్రు. జర అనుమానమొచ్చినా ఆడనే ఆపేస్తున్రు," అన్నాడు.

ఏం చెకింగో నేనడగలేదు, అతను చెప్పలేదు. అప్పుడు మొదలైంది నా కడుపులో సుడి. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా పైన బెడ్డింగు దబ్బుమనేది. ఆ చప్పుడు నాకు జైలు తలుపు పడినట్టు వినిపించేది.

తంబు, అంటే డేరా, రానే వచ్చింది. బల్ల, ఇద్దరు ఖాకీవాళ్లు, టోపీ పెట్టుకున్న ఇన్‌స్పెక్టరు. అందర్నీ దించి వరసలో నిలబెట్టారు. ఒక్కొక్కరే తెర లోపలికి వెళ్తున్నారు. కాసేపటికి ముఖం చిట్లించి, భుజం రుద్దుకుంటూ బయటికొస్తున్నారు. లోపల కొడుతున్నారని నాకర్థమైపోయింది. గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నాడంటారే, ఇక్కడ దొంగ కానివాళ్లంతా తడుముకుంటున్నారు. అసలు దొంగ వరసలో ఆఖరున చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇంతలో ఇన్‌స్పెక్టరు బస్సు పైకి చూశాడు. బెడ్డింగు దింపించాడు.

"ఏంది గిది, ఎవరిది?"

ఆయన వరసంతా చూసుకుంటూ వచ్చి నా ముందు ఆగాడు.

"నీదా?"

"నాది కాదండి."

"మరి ఎవరిది?"

"నేనసలు బెడ్డింగే వాడనండి. నేల మీదే పడుకుంటాను."

అడగని మాట కూడా చెప్పాను, చూశారా. అబద్ధానికి అలవాటు పడనివాడు కొసరు కూడా వేస్తాడు. ఇన్‌స్పెక్టరు నన్ను వదిలేసి ఖాకీవాళ్ల వైపు తిరిగాడు.

"రోగమొచ్చినోడు పరుపు ఇడిచి పారిపోయిండు. ఎవరూ ముట్టకుండ్రి. గ్యాసునూనె పోసి కాల్చేయండ్రి."

రోగమేమిటో నా బుర్రకెక్కలేదు. బియ్యం పీడ విరగడవుతోందన్న ఆనందంలో ఉన్నాను. అంతలో నా వంతొచ్చింది. తెర లోపల సూది కనిపించింది. కలరా సూది! ఇది బియ్యం చెకింగు కానే కాదు. దర్గా ఉరుసుకు జనం పోగవుతున్నారని ఆరోగ్య శాఖవాళ్లు వేసిన తంబు. హాయిగా సూది పొడిపించుకుని, భుజం రుద్దుకుంటూ బయటికొచ్చి, మర్నాటి ఇంటర్వ్యూలో సర్టిఫికెట్లు ఏ వరసలో చూపించాలా అని ఆలోచించాను.

సర్టిఫికెట్లు.

ఖాకీవాడు అప్పటికే కిరసనాయిలు డబ్బా మూత తీశాడు. నేను ఎలా పరిగెత్తానో నాకు తెలియదు. బెడ్డింగు మీద బోర్లా పడ్డానని మాత్రం తర్వాతెప్పుడో కలిసినప్పుడు కండక్టరు చెప్పాడు.

"నాదేనండీ, నాదే!"

"ఇప్పుడే కాదంటివి."

"భయమేసిందండి."

ఇన్‌స్పెక్టరు రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎన్ని దినాల సంది?"

"ఏంటండీ?"

"వాంతులు, ఇరేచనాలు."

ఇక జన్మలో అబద్ధం ఆడకూడదని అప్పుడే ఒట్టు పెట్టుకుని ఉన్నాను. "వాంతుల్లేవండి. సిరవార నుంచీ కడుపులో మాత్రం తిప్పుతోంది. మీరు అనుమతిస్తే ఒక్కసారి ఆ తుమ్మచెట్ల చాటుకు..." అన్నాను. అబద్ధం అక్కర్లేని చోట అబద్ధం, నిజం చెప్పకూడని చోట నిజం. తుమ్మచెట్ల చాటు నుంచి తిరిగొచ్చేసరికి బస్సు లేదు. నాకోసం తంబులో ఒక మూల మంచం వేసి ఉంది.

బెడ్డింగు విప్పి బియ్యం చూసి ఇన్‌స్పెక్టరు నవ్వలేదు, జాలిపడ్డాడు. "దీనికా గింత దాచినవు? బియ్యం మా డిపార్టుమెంటు కాదు నాయినా." తర్వాత బియ్యం మీద, పరుపు మీద, సర్టిఫికెట్ల మీద, కొంచెం నా మీద కూడా బ్లీచింగు పొడి చల్లించాడు. మర్నాడు పొద్దున, కలరా అనుమానంతో ఒక రోజు ఉంచి పంపడమైనదని చీటీ రాసిచ్చి బస్సెక్కించాడు. ఇంటర్వ్యూ వేళ దాటిపోతుంటే నేనింకా దారిలోనే ఉన్నాను.

సుబ్బారావు బాబాయి చీటీ చదివి, కుశల ప్రశ్నలన్నీ కిటికీలోంచే వేశాడు. పిన్ని కంచం గడప అవతల పెట్టి లోపలికి పరుగెత్తింది. వీధి అరుగే నాకు బస అయింది. తెల్లారి యూనివర్సిటీకి టాంగా మాట్లాడాను. పొడి వాసనకు గుర్రం తుమ్మింది, టాంగావాడు దిగమన్నాడు. నడిచే వెళ్లాను.

ఇంటర్వ్యూ నిన్ననే అయిపోయిందని గుమస్తా తలెత్తకుండా చెప్పాడు. ఆలస్యానికి కారణం రాసి ఉందండి అంటూ చీటీ బల్ల మీద పెట్టాను. అతను చదివాడు. కుర్చీతో సహా వెనక్కి జరిగాడు. చీటీని రెండు రూళ్ల కర్రలతో పట్టుకుని ప్రొఫెసరుగారి గదిలోకి తీసుకెళ్లాడు. ఆయన గుమ్మం దాకా వచ్చి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు, ఇప్పుడెలా ఉంది అని.

ఒట్టు పెట్టుకున్నాను కదా. "ఇంకా కొంచెం తిప్పుతోందండి," అన్నాను.

"నీకు సీటు ఇచ్చేశాం. వెంటనే ఇంటికి వెళ్లిపో," అన్నారు.

మిగతా పద్దెనిమిది మంది మార్కులతో తెచ్చుకున్న సీటును నేను కడుపునొప్పితో తెచ్చుకున్నాను. ఆ గుమ్మం ముందే నిలబడి, బ్లీచింగు పొడి సాక్షిగా ఒక భీషణ ప్రతిజ్ఞ చేశాను: ఇకమీదట ఏ ఖాకీవాడు ఏ మూట చూపించి ఎవరిదని అడిగినా, నాదేనని ముందుగా చెయ్యెత్తుతాను. ఆ మూట పక్కవాడిదైనా సరే.