రెండు వేళ్ళ రబ్బరు

అతన్ని అందరూ ఊయల డ్రైవరు అనేవాళ్ళు. అతని కారెక్కితే ఆవలింత పూర్తయ్యేలోపే కునుకు పట్టేది. ఒకసారి దొంగను తీసుకెళ్తున్న పోలీసులిద్దరూ గురకపెట్టారట. దొంగ పారిపోలేదేమంటే, వాడూ నిద్రపోయాడు మరి!

అలాంటివాడికి ఈమధ్య సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు హూనమైపోతోంది. డయాలసిస్ చేయించుకుని వచ్చే పంతులమ్మగారు ఇదివరకు వెనక సీట్లో వాలగానే నిద్రపోయేవారు. ఇప్పుడు గుంట గుంటకీ మూలుగుతున్నారు.

"నీ చేతికేమైంది నాయనా?" అన్నారొకరోజు నీరసంగా.

"వయసైపోయిందమ్మా."

ఇంటికెళ్ళి భార్యతోనూ అదే అన్నాడు. "చేతిలో పనితనం పోయిందే. రేపు ఓనరుకి తాళాలిచ్చేస్తా."

"ఇచ్చేసి ఇంట్లో కూర్చుని నా వంటకి వంకలు పెడతారా?"

అతనికి నవ్వే ఓపిక కూడా లేదు.

మర్నాడు ఓనరింటికి వెళ్తుంటే, సరిగ్గా టైర్ల షాపు ముందే కారు గుంటలో పడి టైరు పేలింది. షాపాయన దాన్ని విప్పి, స్టెప్నీ పక్కన నిలబెట్టి, నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"బావా, ఈ టైర్లెవరు వేయించారు?"

"నేను సెలవులో ఉన్నప్పుడు ఓనరు మేనల్లుడు. సోకుగా ఉన్నాయి కదా? రోజూ నేనే తుడుస్తా."

"తుడిచావు గానీ చదవలేదు. స్టెప్నీ మీద చూడు, 195/65 R15. వెడల్పు నూట తొంభై అయిదు మిల్లీమీటర్లు. అందులో నూటికి అరవై అయిదు వంతులు టైరు పక్కగోడ ఎత్తు. రిమ్ము పదిహేనంగుళాలు. ఇక నీ సోకుది 215/45 R17. రిమ్ము పెరిగింది, గోడ రెండు వేళ్ళు తగ్గింది. గుంటల్ని మింగాల్సింది ఆ రబ్బరే కదా! అది లేక దెబ్బంతా నీ నడుముకీ, వెనక కూర్చున్నవాళ్ళ నడుముకీ తగుల్తోంది."

"అయితే నా చెయ్యి..."

"నీ చేతికేం రోగం? కళ్ళకే!"

డ్రైవరు అక్కణ్ణుంచే ఓనరుకి ఫోన్ చేసి అంతా చెప్పాడు.

మేనల్లుడు మూతి ముడుచుకున్నా, ఓనరు పాత చక్రాలే బిగించమన్నాడు. ఆ తర్వాత ఆసుపత్రి నుంచి వస్తూ డ్రైవరు అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉన్నాడు. మొదటి మలుపు తిరిగేసరికి పంతులమ్మగారి తల వాలింది. రెండో మలుపులో సన్నగా గురక.

ఇల్లొచ్చినా లేపబుద్ధి కాలేదు. ఇంజను ఆపి, స్టీరింగు మీద చేతులాన్చి, ఒక్క నిమిషం ఆగుదామనుకున్నాడు.

పంతులమ్మగారి కోడలు బయటికొచ్చి చూసేసరికి కారులో రెండు గురకలు వినబడుతున్నాయి.