దొర బరువు

పిన్నికి ప్యాకెట్లంటే నమ్మకం లేదు. "ప్యాకెట్ కొలతేమిటే, అది అమ్మేవాడి సౌకర్యం. గ్రాముల్లో చెప్పు," అనేది.

దొర మా పిల్లి. బూడిదరంగు మగపిల్లి, తొమ్మిదేళ్లవాడు. ఆ ఏడాది మొదట్లో వాడికి మూత్రం ఆగిపోయింది. ఒకరోజంతా ఇసుక పెట్టెలో కూర్చోవడం, లేవడం, మళ్లీ కూర్చోవడం. ఆసుపత్రికి తీసుకుపోతే పిల్లుల డాక్టరు గొట్టం వేసి గండం గట్టెక్కించింది. ముప్పై కూడా నిండని అమ్మాయి.

"ఇక ఎండు గింజలు వద్దమ్మా. తడి తిండే పెట్టండి. వీడు నీళ్లు తాగే రకం కాదు, తిండితోనే నీళ్లు లోపలికి పోవాలి."

"ఎంత పెట్టాలి?" అంది పిన్ని.

"రోజుకి మూడు ప్యాకెట్లు, కాస్త అటూ ఇటూగా."

"అటు ఎంత? ఇటు ఎంత?"

డాక్టరు నవ్వి నా వైపు చూసింది. నేను చూపు తప్పించాను. ముప్పై రెండేళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసిన మనిషికి 'అటూ ఇటూగా' అన్న మాట చెప్పకూడదని ఆ అమ్మాయికి ఎలా తెలుస్తుంది?

అమ్మ పోయినప్పుడు నాకు పదకొండేళ్లు. పిన్ని అప్పటికి పెళ్లి చేసుకోలేదు, ఆ తర్వాతా చేసుకోలేదు. వార్డు నుంచి నేరుగా వచ్చి, తెల్ల బట్టల్లోనే నా సంచీ సర్ది, రెండో అంతస్తులోని తన రెండు గదుల ఇంటికి తీసుకుపోయింది. దారిలో ఓదార్చలేదు. ఇంటికి రాగానే నన్ను గోడకి నిలబెట్టి ఎత్తు చూసింది, యంత్రం ఎక్కించి బరువు చూసింది. "రెండు కిలోలు తక్కువున్నావ్. ఏడుపు తర్వాత, ముందు తిను," అంది. ఆమె ప్రేమ అంతా అలాగే ఉండేది, అంకెలతో.

దొర తిండి లెక్క తేలడానికి రెండు రోజులు పట్టింది. ప్యాకెట్ మీద ఎనభై ఐదు గ్రాములని ఉంది. పిన్ని దాన్ని వంటింటి త్రాసు మీద గిన్నెలోకి పిండి తూచింది, తర్వాత ఖాళీ కవరు తూచింది. కవరుకి మూడు గ్రాములు అంటుకుని ఉంది. "ఇది పిల్లి కడుపులోకి పోదుగా," అని లెక్కలోంచి కొట్టేసింది. ప్యాకెట్లొచ్చిన పెట్టె వెనకున్న పట్టిక చూసి, కిలో బరువుకి అరవై నాలుగు గ్రాములని తేల్చింది. దొర నాలుగు కిలోల రెండు వందలు. అంటే రోజుకి రెండు వందల డెబ్భై. దాన్ని నాలుగు భాగాలు చేసి ఉదయం ఆరింటికి, పన్నెండుకి, సాయంత్రం ఆరింటికి, పడుకోబోయే ముందు పెట్టేది. గిన్నెలో మిగిలింది కూడా తూచి, తిన్నది ఎంతో ఒక నోటుపుస్తకంలో రాసేది. అట్ట మీద 'దొర' అని పెద్దక్షరాలు.

బరువు చూడటం ఆదివారం ఉదయం. దొర యంత్రం మీద ఒంటరిగా నిలబడడు. అందుకని వార్డు పద్ధతే పాటించింది. తూకం తట్టలో పడుకోని పిల్లలని తల్లి ఎత్తుకుని యంత్రం ఎక్కేది. తల్లి బరువు వేరే కార్డు మీద రాసి ఉండేది. మొత్తంలోంచి అది తీసేస్తే పిల్ల బరువు. ఇంట్లో పిన్ని దొరని ఎత్తుకుని యంత్రం ఎక్కేది. చేతుల్లో పిల్లి అడ్డం, అంకె కనపడదు. కనుక నేను నేల మీద కూర్చుని చదివేదాన్ని.

"అరవై పాయింట్ రెండు."

"యాభై ఆరు తీసెయ్."

"నాలుగు పాయింట్ రెండు."

యాభై ఆరు పిన్ని బరువు. ఉద్యోగంలో ఏటా చేసే పరీక్షల్లో ముప్పై ఏళ్లుగా అదే అంకె, మహా అయితే ఒక అరకిలో తేడా. రిటైరై రెండేళ్లయినా ఆ అంకె మాకు ఇంటి నంబరు లాంటిది. దాన్ని మళ్లీ చూడాలని ఇద్దరికీ తోచలేదు.

ఐదో ఆదివారం దొర నాలుగుకి దిగాడు. ఏడో ఆదివారం మూడు పాయింట్ ఏడు. పిన్ని డాక్టరుకి ఫోన్ చేసింది. "తగ్గుతుంటే తిండి పెంచండమ్మా, ఒకసారి తీసుకురండి," అందా అమ్మాయి. పిన్ని పెంచింది, తీసుకుపోలేదు. ఎందుకని నేను రెండుసార్లు అడిగాను.

"ముసలి పిల్లి చిక్కిపోతుంటే వాళ్లేం చెప్తారో నాకు తెలుసు. ఒక్క ఇంజెక్షన్, హాయిగా నిద్రపోతాడంటారు. ముందు తిండితో చూద్దాం."

వార్డులో ఎండిపోయిన పిల్లలకి ఉన్న బరువుని బట్టి కాక, ఉండాల్సిన బరువుని బట్టి, దానికి సగం కలిపి పెట్టేవాళ్లట. ఆ లెక్కన దొరకి రోజుకి నాలుగు వందల గ్రాములయింది. వాడు చుక్క మిగల్చకుండా తినేవాడు. అయినా ప్రతి ఆదివారం అంకె దిగుతూనే ఉంది.

పొట్ట మాత్రం పెరిగింది. కింది అంతస్తులో మిషను పెట్టుకున్న టైలరు ఒకరోజు మెట్ల మీద దొరని చూసి నోరు తెరిచాడు.

"సిస్టరమ్మా, మీ దొరకి కడుపా ఏమిటి?"

"నీకు వేళాకోళంగా ఉంది. వాడికి ఒళ్లు నీరు పట్టింది."

"నీరా? నాకైతే కొవ్వులా కనిపిస్తోంది. మీ తిండి కూడా వాడికే పెడుతున్నారా? మీ బట్టలు రెండుసార్లు బిగించాను, మళ్లీ వదులవుతున్నాయి."

"కాంటీన్ తిండి మానేశాగా. మనిషినయ్యాను," అంది పిన్ని.

పైకి వచ్చాక నాకు చెప్పింది. తిండి ఒంటికి పట్టని పిల్లలకి చివరిలో పొట్ట ఉబ్బుతుంది, కాళ్లు వాస్తాయి, తల్లులు చూసి పిల్లాడు బొద్దుగా అవుతున్నాడని మురిసిపోతారు. "ఆ నీరు తీసేస్తే లోపలేమీ ఉండదే. వాడి అసలు బరువు రెండు కిలోలు కూడా ఉండదు." అలాంటి పిల్లలు ఆమె చేతుల్లో ఎంతమంది పోయారో నాకు చెప్పలేదు. ఆమెకి అప్పటికే అన్నం సయించడం లేదు. దొర మీద దిగులనుకున్నాను.

నిజం చెప్పాలంటే, నాకూ దొర బరువెక్కినట్టే తోచేది. వాడు ఒళ్లోకి దూకితే తొడలు నొప్పెట్టేవి. కానీ యంత్రం అబద్ధమాడదు, తీసివేత నాది, పిన్ని అనుభవం ముప్పై రెండేళ్లది. నా తొడల మాట ఎవరికి చెప్పను?

పదిహేనో ఆదివారం యాభై ఎనిమిదిన్నర వచ్చింది. రెండున్నర కిలోలు. పిన్ని దొరని దింపకుండా అలాగే నిలబడిపోయింది. "పద," అంది చివరికి.

డాక్టరు దొరని బల్ల మీది తూకం మీద కూర్చోబెట్టింది. ఐదు పాయింట్ తొమ్మిది.

"మీ త్రాసు తప్పు," అంది పిన్ని.

డాక్టరు దొరని దింపి, బీరువాలోంచి కిలో గింజల సంచి తీసి పెట్టింది. ఒకటి చూపించింది. మళ్లీ దొర. మళ్లీ ఐదు పాయింట్ తొమ్మిది.

"వీడికి నీరూ లేదు, ఏమీ లేదమ్మా. ఇదంతా కొవ్వే. ఇంట్లో ఎలా తూస్తున్నారు?"

పిన్ని చెప్పింది. మొత్తం, యాభై ఆరు, మిగిలింది. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగింది. గది మూలలో పెద్ద కుక్కల కోసం నేల మీద పరిచిన తూకం ఉంది. ఎవరూ అడగకముందే పిన్ని చెప్పులు విప్పి దాని మీద నిలబడింది. చేతుల్లో పిల్లి లేదు. అంకె ఆమెకి కనిపిస్తూనే ఉంది. అయినా నన్నే అడిగింది.

"ఎంతే?"

"యాభై రెండు పాయింట్ ఆరు."

"ఊఁ," అని దిగి చెప్పులు వేసుకుంది.

మరుసటి వారం పెద్దాసుపత్రిలో పిన్నికి పరీక్షలన్నీ అయ్యాయి. గడ్డ కడుపులో మొదలై కాలేయానికి పాకింది. "బరువు ఎప్పటి నుంచి తగ్గుతోంది?" అని పెద్ద డాక్టరు అడిగితే, పిన్ని నా సంచీలోంచి నోటుపుస్తకం తీయించింది. ఆయన అట్ట చూసి, లోపల చూసి, అయోమయంగా తలెత్తాడు.

"ఈ అంకెలకి యాభై ఆరు కలపండి సార్. అందులోంచి పిల్లి బరువు తీసెయ్యండి. మిగిలింది నేను."

ఆయన కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టాడు. రెండు నెలల ముందొచ్చుంటే కోసి చూసేవాళ్లమని అన్నాడు. రెండు నెలల ముందు మేము దొర తిండి పెంచుతున్నాం.

మందులు ఎక్కించుకోవడానికి పిన్ని ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి దొర పని పట్టింది. లావెక్కిన పిల్లికి ఒక్కసారిగా తిండి కోస్తే వాడి కాలేయం చెడుతుందని డాక్టరమ్మాయి చెప్పింది. నాలుగు వందల నుంచి వారానికి పదిహేను గ్రాములు తగ్గించుకుంటూ రావాలి. పిన్ని మంచం మీది నుంచే లెక్క చెప్పేది, నేను తూచేదాన్ని. వాడు గిన్నె ముందు కూర్చుని అరిచేవాడు.

"జాలిపడకు. అరుపు ఆకలి కాదు, అలవాటు," అనేది.

అప్పటికి ఆమె రోజంతా కలిపి నాలుగు చెంచాల జావ తాగడమే గగనం. నేను చెంచా పట్టుకుని కూర్చుంటే మొహం తిప్పుకునేది. ఒక మధ్యాహ్నం నేను ఆపుకోలేక అడిగేశాను.

"ప్రతి ఆదివారం నేనే చదివాను కదా పిన్నీ. ఒక్కసారి, నువ్వు ఒక్కదానివే ఎక్కి చూడు, అని అనుంటే?"

"నీ తీసివేత సరిగ్గానే ఉందే. నేనిచ్చిన అంకె తప్పు," అంది. తర్వాత, "వార్డులో తల్లుల బరువు వారానికోసారి మళ్లీ తీసేవాళ్లం. బిడ్డకంటే వాళ్లు ముందు చిక్కిపోతారు. అది కొత్త నర్సులకి నేర్పింది నేనే," అని కళ్లు మూసుకుంది.

నన్ను నింద నుంచి తప్పించడానికి అన్నదో, నిజంగానే అన్నదో ఇప్పటికీ తేల్చుకోలేను. నన్ను పదకొండేళ్లప్పుడు యంత్రం ఎక్కించిన మనిషి ఆమె. నాకు ఆమెని ఎక్కించాలని తోచలేదు.

ఒక మంగళవారం ఉదయం పదింటికి పిన్ని పోయింది. టైలరు పైకి వచ్చాడు, ఇంకెవరెవరో వచ్చారు, కుర్చీలు జరిగాయి. పన్నెండు కాగానే దొర వంటింట్లో అరవడం మొదలుపెట్టాడు. నేను లేచి వెళ్లి తూచాను. ఆ వారం పూటకి డెబ్భై గ్రాములు. తిన్నాడు, గిన్నె నాకాడు, ఇంకా కావాలని నా మొహంలోకి చూసి అరిచాడు.

నేను పెట్టలేదు.