అప్ప ఏడవని చావు

పోయిన వారం నెల్లిమర్లలో ఒక పాత మిత్రుడి తల్లి పోతే పలకరించడానికి వెళ్ళాను. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, వచ్చినవాళ్ళకు టీలు. నేను చెప్పులు విడుస్తుండగా ఆటో దిగిన ఒకావిడ పరుగున వచ్చి, ఆ ఇంటి కోడలి మెడ పట్టుకుని గొల్లుమంది. కోడలూ అందుకుంది. ఒకరి భుజం మీద ఒకరు తల పెట్టి, ఊగుతూ, పోయిన ముసలామె చేసిన మంచీ పెట్టిన తిండీ తలుచుకుంటూ ఇద్దరూ ఏడ్చారు. కుర్చీల్లో ఉన్నవాళ్ళెవరూ తల తిప్పి చూడలేదు, మా వైపు ఇది మామూలే. నేను మాత్రం ఒక చెప్పు విడిచి, ఇంకొకటి కాలికి ఉండగానే ఆగిపోయాను. మా అప్ప కళ్ళముందు నిలిచింది. మేము అక్కను అప్ప అంటాం.

అప్ప కాపురం ఆ ఊళ్ళోనే. బావ జూటు మిల్లులో పనిచేసేవాడు. కరోనాకు ముందు వాళ్ళింట్లో గోడ గడియారం ఉన్నా దాన్ని ఎవరూ నమ్మేవారు కాదు. మిల్లు కూతే వాళ్ళకు టైము. కూతకు బావ సైకిలెక్కేవాడు, కూతకు దిగేవాడు, చొక్కా నిండా గోగునార పీచుతో. ఆదివారం నేను విజయనగరం నుంచి బస్సులో వెళితే అరుగు మీద చర్చ మొదలయ్యేది. దయ్యాలు, ముహూర్తాలు, శకునాలు ఒక్కొక్కదాన్నీ నేను ఉతికి ఆరేసేవాణ్ణి. బావ అన్నిటికీ తలూపి, చివర్లో, "బాగా సెప్పినావురా. టీ సల్లారిపోనాది, తాగు" అనేవాడు.

నాకు అన్నిటికన్నా ఒళ్ళు మండేది అప్ప ఏడుపు. ఆ వీధిలో ఎవరు పోయినా పొయ్యి మీది కూర దించేసి పరుగెత్తేది. ఆ ఇంటి ఆడమనిషి మెడ పట్టుకుని, రాగం తీసి, పోయినవాడికి లేని సుగుణాలు కూడా తగిలించి ఏడ్చేది. జీవితమంతా తాగి పెళ్ళాన్ని కొట్టినవాణ్ణి కూడా ఆమె "బంగారు తండ్రీ" అంటుంటే నేను విన్నాను. కాసేపటికి ముక్కు చీదుకుని, కొంగుతో మొహం తుడుచుకుని, "పిల్లలు ఏటైనా తిన్నారేటే?" అని అడిగి, ఆ ఇంటి వంటగదిలోకి దూరిపోయేది. ఇది ప్రదర్శన అని నేను వ్యాసం రాశాను. దుఃఖం మనసులో ఉండాలి, గొంతులో కాదని ఆమె మొహం మీదే చెప్పాను.

"ఒక్కదాన్నే కూకొని ఏడిస్తే పిచ్చిదంటారురా" అంది అప్ప.

"నీ ఉపన్యాసానికి మాత్రం రాగం లేదేటిరా?" అని బావ పకపకా నవ్వాడు.

తర్వాత కరోనా వచ్చింది. మిల్లు కూత ఆగింది. బావ అలవాటు కొద్దీ తయారై, సైకిలు తుడిచి, మళ్ళీ గోడకు ఆనించేవాడట. ఒకడు పళ్ళేలు మోగించమన్నాడు, ఒకడు పసుపు నీళ్ళు చల్లమన్నాడు. నేను మండిపడి, ఫోను పట్టుకుని, తెలిసినవాళ్ళందరికీ చెప్పాను: గుమిగూడకండి, ముట్టుకోకండి, చావు ఇళ్ళకు అసలే వెళ్ళకండి. అప్పకు మరీ గట్టిగా చెప్పాను. ఎదురింటాయన పోయిన రోజు ఆమె ఫోను చేసింది.

"కిటికీ కాడ నించున్నాన్రా. ఆయన పెళ్ళాం నన్ను సూసింది, నేను దాన్ని సూసినాను. నువ్వు సెప్పినావని ఎల్లలేదు."

"మంచి పని చేశావు" అన్నాను. ఇన్నేళ్ళ వాదంలో మొదటిసారి గెలిచానన్న సంతోషం కూడా కలిగింది. దాచుకోవడం దేనికి?

రెండో విడతలో బావకు వచ్చింది, అప్పకూ వచ్చింది. బావను విజయనగరం ఆసుపత్రిలో చేర్చాం. అప్ప ఇంట్లో ఒక గదిలో ఉంది. వారం తిరక్కుండానే బావ పోయాడు. శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. సంచిలో చుట్టిన ఆ మనిషిని నేను శ్మశానం గేటు బయట నుంచే చూశాను. అక్కణ్ణుంచి నేరుగా అప్ప ఇంటికి వెళ్ళాను.

వీధి వీధంతా తలుపులు మూసి ఉంది. అప్ప అరుగు మీదికి వచ్చింది. జ్వరానికి మొహం పీక్కుపోయి ఉంది. నన్ను చూడగానే "ఒరే తమ్ముడా" అని రెండు చేతులూ చాచి మెట్టు దిగింది. ఆ గొంతులో రాగం మొదలైంది కూడా. నేను చెయ్యి అడ్డం పెట్టాను.

"అప్పా, అక్కడే ఉండు."

ఆగింది. చేతులు కాసేపు అలాగే గాలిలో ఉన్నాయి. తర్వాత వాటిని ఏం చెయ్యాలో తెలియనట్టు చీర కుచ్చిళ్ళు సర్దుకుంది. "ఈ వీధిలో ఏ ఇంట్లో నేను ఏడవలేదురా? ఒక్క తలుపైనా తియ్యలేదు సూడు" అంది. ఆ తలుపులు మూయమన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. నేను చెప్పింది తప్పు కాదు. ఇప్పటికీ అదే అంటాను, రేపు అడిగినా అదే అంటాను. కానీ ఆ సరైన మాట పట్టుకుని వాకిట్లో నిలబడ్డానే తప్ప, దానితో ఆమెకు ఏం చెయ్యాలో నాకు తెలియలేదు. "ఎండ తగులుతాది, ఎల్లిపో" అని ఆమే లోపలికి వెళ్ళిపోయింది.

ఆమెకు పూర్తిగా నయమయ్యాక, నెల దాటాక వెళ్ళాను. అప్ప పెరట్లో బట్టలు ఆరేస్తోంది. దగ్గరికి వెళ్ళి ఎదురుగా నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో నాకు రాదు, ఎప్పుడూ చెయ్యలేదు. సిగ్గు విడిచి, చేతులు కొంచెం చాచాను.

"ఏటిరా?" అంది.

"ఏడుద్దాం అప్పా."

నవ్వుతుందేమో అనుకున్నాను, నవ్వలేదు. నా చేతుల్ని మెల్లగా కిందికి దించి, "ఆవేళ వచ్చిందిరా. ఇప్పుడు రమ్మంటే ఏటి వస్తాది?" అని, బకెట్లోంచి తడి దుప్పటి తీసి ఒక కొస నా చేతికిచ్చింది. ఇద్దరం చెరో వైపూ పట్టుకుని పిండాం.

నాకు ఇప్పుడు చేతుల నిండా తీరికే, భయమూ లేదు, అడ్డూ లేదు. ఆ మిట్టమధ్యాహ్నం మెట్టు మీద ఆమెకు కావలసిన ఆ కాసింత సేపు మాత్రం ఎన్ని ఏళ్ళు గడిచినా నా దగ్గర లేదు.